కన్ను పెట్టుడు

షార్జాల శుక్రవారం. బంక్ మంచం కింద
బిస్కెట్ డబ్బాల పదకొండు మంది పూజారులు.
బొటనేలంత గూడ లేరు.
ఒంటినిండ ఇనుము, మెడల జపమాల,
చేతుల మంటలు కక్కే గద.
చుక్కల అవతల యుద్ధమట.
మేనేజరు కొడుకు ఆట; బొమ్మకు పది దిర్హమ్‌లు.

వారమంత లారీలకు రంగు కొట్టే పోశెట్టి,
నిర్మల్ల నేర్చిన చెయ్యి
వణకకుండ ఊపిరి బిగబట్టి
సున్నా నంబరు కుంచెతోని అంచులకు పసిడి పూస్తడు.
“ఏ దేవునికి మొక్కుతరు వీళ్లు?” అంటే
“పాచికకు,” అంటడు. “ఒకటి పడితే సచ్చుడే.”

కండ్లు మాత్రం ఆఖర్న.
బత్తీ ఆర్పే యాళ్ల దాటినా
ఎవ్వలం లేవలే స్విచ్చి కాడికి.

పదకొండోవాని టోపానికి కన్నే లేదు, సన్నని చీలిక.
చానాసేపు చూసి
అందుల ఎర్ర చుక్క పెట్టి
పోశెట్టి తన కండ్లు నలుపుకున్నడు,
రంగు చేతితోనే.