నలభై మూడు మందికి ఒక రాజ్యం

మార్చి. మంచు ఇంకా కరగలేదు.
హిల్యా పాత వోల్వోలో నలుగురం
కొలతల టేపు, టార్చిలైటు, థర్మాసులో కాఫీ,
డిక్కీలో మడిచిన రౌనీ చక్రాల కుర్చీ,
రాజ్యం వెతుక్కుంటూ ఉత్తరానికి బయల్దేరాం.

ఖజానాలో ఆరువందల నలభై యూరోలు.
పుస్తకం నా ఒళ్ళో.
వెనక సీట్లో యుర్యోకీ రౌనీకీ అప్పుడే యుద్ధం:
సింహాసనం తూర్పు గోడకా, పడమటి గోడకా?
ఆలూ లేదు, చూలూ లేదు,
ముఖమల్ రంగు మాత్రం ఖాయమైపోయింది.

మొదటిది నిజంగానే కోట లాంటి బంగళా.
మేనేజరు కాగితం విప్పి చదివాడు:
కొవ్వొత్తి వెలిగించరాదు. గోడకు ఆనరాదు.
తివాచీ మీద నెత్తురు, ఉత్తుత్తిదైనా సరే, చిందరాదు.
"మరి ఓడిన రాజు ఎక్కడ చావాలండీ?"
అడిగాడు యుర్యో.
మేనేజరు ఎంతో మర్యాదగా
పార్కింగు స్థలం చూపించాడు.

రెండోది అడవిలో స్కౌట్ల చెక్క ఇల్లు.
అద్దె చవక. సరస్సుంది. కారు చప్పుడు లేదు.
మరుగుదొడ్డి ఒకటే, అరవై అంగల దూరంలో, చీకట్లో.
నలభై మూడు మంది, రెండు రాత్రులు.
వేళ్ళ మీద లెక్కేసుకున్నాను.
తిరుగుబాటు ఎలా పుడుతుందో
కథ రాసిన యుర్యో కన్నా ముందు
నాకే తెలిసింది.
గుమ్మానికి మూడు మెట్లు.
"మోసుకెళ్దాం, అదెంత పని" అన్నాడు వాడు.
కారు అద్దం దించి రౌనీ అంది:
"రాణిని మోస్తే ఊరేగింపు.
నన్ను మోస్తే సామాను."
టేపు చుట్టేసి కారెక్కాం.
చాలా దూరం ఎవరూ మాట్లాడలేదు.

మూడోది బడి.
పిల్లలు చాలక మూసేసిన బడి.
తాళంచెవి ఎదురింటి సైమీ దగ్గర.
ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడ వంట చేసిన మనిషి,
మమ్మల్ని కాదు, మా బూట్ల బురదను చూసి
తలుపు తీసింది.

హీటరు ముందురోజే వెయ్యాలట.
రెండు కెటిళ్ళు ఒకేసారి పెడితే ఫ్యూజు పోతుందట.
మరుగుదొడ్లు ఆరు.
చేతులు కడుక్కునే తొట్లు మాత్రం
మా మోకాళ్ళ ఎత్తులో.
మా సేనాపతి వంగక తప్పదు.
పక్క తలుపుకి వాలుదారి.
"ఒక్క పిల్లాడి కోసం కట్టారు" అంది సైమీ. పేరు చెప్పలేదు.
రౌనీ దానిమీద ఎక్కింది, దిగింది,
అవసరం లేకపోయినా
మళ్ళీ ఎక్కింది.

వ్యాయామశాలలో హిల్యా ఒక్క చప్పట్టు కొట్టింది.
గది దాన్ని కాసేపు ఉంచుకుని తిరిగిచ్చింది.

"ఇంతకీ ఏం చేస్తారిక్కడ?"
రెండు రోజులు వేరే మనుషులమైపోతాం, అన్నాను.
రాజు చచ్చిపోతాడు. కిరీటానికి కొట్లాట.
"చూసేవాళ్ళు?"
ఉండరు.
"మరి ఎవరి కోసం?"
నలుగురం నాలుగు వైపులు చూశాం.

ఆమే అంది, కిటికీ గొళ్ళెం సరిచేస్తూ:
"క్రిస్మస్ నాటకానికి ఇక్కడా అంతే.
చివరి ఏళ్ళలో ఊరంతా వేదిక మీదే.
నేనొక్కదాన్నే చూసేదాన్ని,
అదీ వంటగది సందులోంచి,
అన్నిసార్లూ చివరిదాకా కాదు, పొయ్యి మీద ఉడుకుతుంటుంది కదా."

అద్దె ఏడువందలు.
పుస్తకంలో అరవై తక్కువ.
నేనా మాట ఎత్తకముందే ఆమె ఇంకోటి అడిగింది:
"కోటలో వంటమనిషి ఉందా?"
ఉంది. ఆ పాత్ర ఎవరూ తీసుకోలేదు.
నిజంగా వండాలి కదా, నలభై మూడు మందికి.
"బఠానీ సూపైతే కష్టం కాదు," అంది.
కాస్త ఆగి,
"ఆ వంటమనిషిది ఎవరి పక్షం?"

యుర్యో సంచిలోంచి కాగితాలు తీశాడు.
మొదటి పేజీ, ఆరో పేజీ, వెనక్కి మళ్ళీ మొదటిది.
రాజుకి పక్షముంది, గూఢచారికి మూడున్నాయి,
గుర్రానికి కూడా ఏదో రాసి ఉంది.
వంటమనిషికి రాయలేదు.

"తొందరేం లేదు, ఆలోచించి చెప్పు నాయనా,"
అని ఆమె తాళం బల్ల మీద పెట్టింది.

తిరుగు దారిలో సింహాసనం ఊసెత్తలేదు ఎవరూ.
లోటు గడిలో ఏమీ రాయకుండా
కింద ఇంకో పంక్తి రాసుకున్నాను:
ఫ్యూజులు, పది.