ఎదురుగాలి లెక్క

మూడువందల మైళ్ళు వస్తుందన్నాడు షోరూము కుర్రాడు.
వెనకేమీ కట్టకపోతే, అన్నాడు
గొంతు కాస్త తగ్గించి.
ఖాళీగా నేనెక్కడికి పోతాను నాయనా,
నా బతుకంతా వెనక కట్టుకున్నదే.

ఆగస్టు ఆఖరు.
చీకటి పడి, ఈగలన్నీ ఇల్లు చేరాక
నేనూ డెల్ఫీన్ అజూరూ
నలభై తేనెపెట్టెలు ట్రెయిలర్ మీదికెక్కించాం.
ఒక్కోటీ నా అంత బరువు అన్నాను.
నీకంటే కాస్త తక్కువేలే, అంది డెల్ఫీన్.
నడుములకు పట్టీలు, మీద వల,
బంతి మీద కొక్కెం కూర్చున్న చప్పుడు.
అంతే, ఆ రాత్రికి అదొక్కటే చప్పుడు.
మీట నొక్కితే ఏమీ మోగలేదు.
మా ఆయన డీజిల్ బండి లేచిందంటే
మూడు పొలాల అవతల కుక్కలు మొరిగేవి.
ఇది కదిలింది
పాల మీద మీగడ జరిగినట్టు.

బరువు దానికో లెక్క కాదు.
మిట్ట ఎక్కుతూ ఒక్కసారైనా మూలగలేదు.
గాలే.
ఉత్తర డకోటాలో గాలికి అడ్డమూ లేదు, సిగ్గూ లేదు.
పడమటి నుంచి వచ్చి
పెట్టెల చదును మొహాల మీద
అరచెయ్యి ఆనించి నిలబడింది.
తెర మీద అంకెలు చిల్లికుండలో నీళ్ళు.
నూటముప్పై. నూటపది. తొంభైనాలుగు.
ఇరవై మైళ్ళు వచ్చామో లేదో.
డెల్ఫీన్ అడక్కుండానే ఏసీ ఆపేసింది.
నేను వేగం యాభైకి దించాను.
గోధుమల లారీ ఒకటి హారన్ మోగించి దాటింది.
పొమ్మన్నాను.

సహకార సంఘం దుకాణం పక్కన చార్జరు.
ముక్కు లోపలికి పెట్టి నిలబడే
చిన్న కార్ల కోసం కట్టారు దాన్ని.
మా తోక రోడ్డు మీదుంది.
విప్పితే గంట, కడితే ఇంకో గంట.
సిగ్గు విడిచి మూడు గళ్ళకూ అడ్డంగా పెట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది,
రోడ్డు కదులుతున్నంతసేపే ఈగలు పట్టుకుని కూర్చుంటాయి.
ఆగితే ఏమైందోనని బయటికొచ్చి చూస్తాయి.
పైన ఆసుపత్రి తెలుపులో దీపం.
వలకి ఎక్కడో చిరుగు.
ఒకటి. పది. తర్వాత లెక్కపెట్టలేదు.
దీపం చుట్టూ గోధుమరంగు గిరగిర,
కాళ్ళ కింద రాలినవి కరకర.

ఎదురింటి తలుపు తీసుకుని
ట్రిగ్వీ నైట్‌ప్యాంటుతో వచ్చాడు.
ఆ దుకాణం తాళాలు ముప్పై ఏళ్ళుగా ఆయన జేబులోనే.
దీపం ఆర్పే మీట మాత్రం ఆయన దగ్గర లేదట,
అది ఏ నగరంలోనో ఎవరి కంప్యూటర్లోనో ఉందట.
కాసేపు తల పైకెత్తి చూశాడు.
పిట్టతుపాకీ ఉంది, తేనా? అన్నాడు.
సంచి చాలు, అన్నాం ఇద్దరం ఒకేసారి.

నిచ్చెన నేను పట్టుకున్నాను.
డెల్ఫీన్ ఎక్కి
దాణా సంచి దీపం తలకి తొడిగి
పురికొసతో మెడ బిగించింది.
ఊరంత చీకటి ఒక్కసారిగా దిగింది.
మెల్లమెల్లగా ఇళ్ళకు నడిచాయి ఈగలు.

యాభై నిమిషాలు.
బకెట్టు బోర్లించుకుని ట్రిగ్వీ,
టైరుకు ఆనుకుని మేం.
చార్జరు ఒక రొద, పెట్టెలు ఒక రొద.
ఏది ఏదో కాసేపటికి తెలియలేదు.
ఆయన మెడ మీద రెండు కాట్లు.
గోకుతూ అడిగాడు:
గ్యాలనుకి ఎంతిస్తుంది?
చెప్పబోయి నవ్వొచ్చి ఆగిపోయాను.

తెల్లారుజామున నది వైపు దిగుడు.
బ్రేకు మీద కాలు పెట్టనేలేదు.
నలభై పెట్టెల బరువే వెనక నుంచి నెడుతూ
ఆరు మైళ్ళు తిరిగి పోసింది కుండలోకి.
అప్పిచ్చినవాడు వడ్డీ మర్చిపోయినట్టు
ఇద్దరం తెర వంకే చూశాం, మాట్లాడితే పోతాయేమోనని.

పొద్దుతిరుగుడు చేను గట్టున దించేసరికి
పదకొండు మిగిలాయి.
పక్క రైతు కొట్టంలో వైరు తగిలించుకుని
మధ్యాహ్నం దాకా బండి కిందే నిద్రపోయాం.

తిరుగుదారిలో ట్రెయిలరు ఖాళీ, గాలి మా వైపు.
అంకె ఉన్నచోటనే నిలబడింది గాడిదలాగా.

ఈ వారం మళ్ళీ అటు పోయాను, ఇరవై పెట్టెలతో.
సంచి ఇంకా దీపానికే ఉంది.
అడుగున చిన్న చిల్లి,
రూపాయి బిళ్ళంత వెలుతురు
కింద బకెట్టు మీద పడుతోంది.