మూడోది

టికెట్లు కొన్నప్పుడు ఫొటోలో ఉన్నది వేరు.
పోర్ట్ బ్లెయిర్‌లో పడవెక్కి, పడవ దిగి జీపెక్కి,
జీపు ఇక పోనన్న చోటి నుంచి
వేర్ల మీద అడుగులేసుకుంటూ గంటన్నర నడిచాక
తాతారావు కత్తి మొనతో తీగని పక్కకి నెట్టి
"ఇదేనండి" అన్నాడు.

మోకాలెత్తు.
ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి
ఎవరో చెంబుతో ఒంపుతున్నట్టు నీళ్లు.

ఇంతేనా, అన్నారు ఈయన.
కొండకి జలుబు చేసింది, అంది ఇందుజ.

"ఇంకో రెండున్నాయండి, ఇంతకంటే సిన్నవి."
సోంపేట వదిలి ముప్పయ్యేళ్లయినా
యాస వదలని మనిషి.
"పెద్దదానికాడికి అందరూ ఎల్తారు.
ఇయ్యి, మనం నోరు మూసుకుంటే
మాటాడతాయి."

రెండోది నా అరచేతిలో పట్టింది.
మూడోది కనిపించనే లేదు.
ఆకుల కింద ఎక్కడో ఉంది.
నలుగురం ఒంగి, ఊపిరి బిగబట్టి
విని వచ్చేశాం.

*

మడిపాక్కంలో ఈ ఆదివారం
ఆరింటికి రావలసిన తణ్ణి లారీ
తొమ్మిదైనా రాలేదు.
బకెట్లు వరసలో ఉన్నాయి.
మాది నీలంది, చెవి విరిగింది.
చీలమండ మీద జలగ పట్టిన చోటు
ఇంకా దురద.
గోకినప్పుడల్లా తడి ఆకుల వాసన
(ఈయనకి చెబితే
ఆయింట్‌మెంట్ ఇచ్చారు).

పదకొండున్నరకి లారీ వచ్చింది, సంపు నిండింది.
మోటారు వేసినవాళ్లు మరిచిపోయారు.
మేడ మీది ట్యాంకు పొర్లి
వెనక గోడ మీద
ఎప్పటిదో నాచు చార వెంబడి దిగి,
సన్‌షేడ్ మీద కాసేపు ఆలోచించి,
మళ్లీ కిందికి.

ఇందుజ చెప్పులు విప్పి వెళ్లి
దాని కింద నిలబడింది.
మాట్లాడకు, అని నాకు సైగ చేసింది.

"మోటార్! మోటార్!"
మూడో అంతస్తు నుంచి సెక్రటరీ వరదరాజన్,
పేరులో అంత వరద పెట్టుకుని
చుక్క చుక్కకీ లెక్క రాసే మనిషి.
ఆ లెక్కలో తప్పేమీ లేదు.
నెలకి పద్నాలుగు వందలు నేనూ కడుతున్నాను.

స్విచ్చు మా గుమ్మం పక్కనే.
చెయ్యి చాస్తే అందుతుంది.

ఆయన చెప్పుల చప్పుడు
రెండో అంతస్తుకి వచ్చింది.
మొదటిదానికి వచ్చింది.
అప్పుడు నొక్కాను.

నీళ్లు వెంటనే ఆగలేదు.