రెండూ ఎడమవే

జులై నెల. బల్లరాట్‌లో
కుళాయి కూడా పొద్దున పదింటిదాకా నోరు విప్పదు.
డెస్ ట్రెగేర్ వచ్చి
పాత దుప్పట్లో చుట్టి తెచ్చిన రెండు తలుపు చర్మాల్ని
నా కత్తిరింపు బల్ల మీద పరిచాడు.
అరవై నాలుగు నాటి హోల్డెన్‌వి.
తలుపులు కారుకే ఉన్నాయి, ఇవి లోపలి అట్టలు.
"నువ్వు బట్టలు కుడతావటగా" అన్నాడు,
ఇంట్లో మనిషిని పశువుల డాక్టరుకి చూపిస్తున్నవాడిలా
కాస్త మొహమాటంగా.

నేను కుట్టేది జాకెట్లు.
ఈ ఊళ్లో పదహారు తెలుగిళ్లకీ
మెల్‌బోర్న్ నుంచొచ్చే పెళ్లిళ్లకీ.
కారు తలుపుకి ఎప్పుడూ కొలత తీయలేదు.
ఆది జాకెట్టు ఉంటే ఏదైనా కుట్టొచ్చు
అనేవాడు చీరాల మస్తాన్ మాస్టారు.
ఉందిగా ఆది: చిరుగులు పడ్డ ఈ ఎర్ర వైనిలే.

వెన్న కత్తితో క్లిప్పులు ఊడదీశాను.
పాత గమ్ము, ముదిరి రాయైన పాకంలా, గోళ్లకి లొంగలేదు.
వాన దిగి దిగి అట్ట అడుగున అప్పడంలా పొంగింది.
చెయ్యి ఆనించుకునే దిండు వెనక సందులో
రెండు సెంట్ల నాణెం, చిన్నపిల్ల తలపిన్ను,
కుక్క వెంట్రుకలు బోలెడు.
ఒక్కోటీ డెస్ అరచేతిలో పెట్టాను.
కుక్క పేరు మాత్రం చెప్పాడు, బిస్కెట్ అట.
పిన్ను జేబులో వేసుకున్నాడు.

వైనిల్ చలికి బిర్రబిగిసింది.
హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి బతిమాలాను.
పద్దెనిమిదో నంబరు సూదులు రెండు విరిగాయి.
పట్టు మీద కుట్టు తప్పితే
విప్పి, ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు ఉండొచ్చు.
దీని మీద సూది దిగినచోటల్లా చిల్లు అట్లానే ఉంటుంది.
అంగుళానికొక నిలువు గీత,
లోపల స్పాంజి, పైన ఎరుపు.
గీత గీతకీ ఊపిరి బిగబట్టాను.

మూడో రాత్రి, అట్టలకి తొడగబోతూ
రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాను.
ఎదురెదురుగా కూర్చోవలసినవి
రేషన్ క్యూలో నిలబడ్డట్టు
రెండూ ఒకే వైపు చూస్తున్నాయి.

రెండూ ఎడమవే.

పదహారేళ్లప్పుడు ఒక పెళ్లికూతురి జాకెట్టుకి
గుడ్డ తిరగేయడం మరిచి
రెండు ఎడమ చేతులు కత్తిరించాను.
మాస్టారు కొట్టలేదు.
ఆ రెండు చేతుల్నీ నా భుజాలకి పిన్నులతో గుచ్చి
సాయంత్రందాకా కాజాలు కుట్టించాడు.
దారిన పోయేవాళ్లు అడిగితే
"కొత్త ఫ్యాషనమ్మా" అన్నాడు నవ్వకుండా.
ముప్పై నాలుగేళ్లలో మళ్లీ జరగలేదు.
జరిగి జరిగి ఇక్కడ,
గీలాంగ్ కొట్లో ఆ రంగులో మిగిలిన చివరి ముక్క మీద.

డెస్‌కి ఫోన్ చేసి చెప్పాను,
డబ్బు నేనే కడతానని కూడా.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఫౌండ్రీలో ఒకసారి పంపు మూత
తలకిందులుగా పోతపోశాను. టన్నున్నర.
ఇప్పటికీ గేటు దగ్గర పెట్టి
కొత్త కుర్రాళ్లకి చూపిస్తారు."
తర్వాత నవ్వాడో దగ్గాడో
లైన్లో తేలలేదు.

కుడిదానికి వైనిల్ ఆగస్టులో దొరికింది.
రంగు పిసరంత ముదురు.
ఎండలు ముదిరితే కలిసిపోతుందిలే అన్నాడు.
కలిసిపోదని ఇద్దరికీ తెలుసు.

మిగిలిపోయిన ఎడమదాన్ని
ప్లైవుడ్ ముక్కకి బిగించి గోడకి తగిలించాను.
గీతల మధ్య గుండుసూదులు, మిషను సూదులు,
ఎవరిదో తెగిన హుక్కు.
కొలతలకొచ్చినవాళ్లు
హ్యాండిల్ ఉండాల్సిన చిల్లులో వేలు పెట్టి తిప్పుతారు,
ఇంతవరకూ పెట్టనివాళ్లు లేరు.
"చలేస్తుంది, అద్దం దించకండి" అంటాను.
ఎడమ చెయ్యి ఎత్తమంటాను.
రాసుకుంటాను.
తర్వాత సుద్ద ముక్క కింద పెట్టి
గుడ్డని తిరగేస్తాను,
తిరగేశానో లేదో
ఇంకోసారి చూసుకుంటాను.