నీళ్ల కొలత

చదును గుడ్డకు ఒళ్లుండదు.
డాట్ పట్టాలె, అప్పుడొస్తది.
ఇరవయ్యారేండ్లు సూరారం చౌరస్తాల నా పని ఇదే:
వంచినట్టు తెల్వకుండ వంచుడు.

పడవ కూడ గంతేనని
నాకు చెప్పింది ఒక పెండ్లి కార్డు.
మూలలు కత్తిరించి, రెండు దిక్కుల డాట్ పట్టి,
టేపు అంటించి బకెట్ల వదిలిన.
తేలింది. ఒక నిమిషం.
తర్వాత ముహూర్తం మునిగింది,
విందు మాత్రం ఇంకొంచెంసేపు పైననే ఉన్నది.

హుక్కులు కుడుతున్న ఖైసర్‌బీ నవ్వింది.
"పానీకు కమర్ హోతీ క్యా?"
నీళ్లకు నడుముంటదో లేదో
అప్పటికి నాకూ తెల్వది.

ఎవరొచ్చినా ముందుగాల ఆది జాకెట్టు అడుగుత.
ఫాక్స్‌సాగర్‌కు ఆది ఏది?
కట్ట మీద ఒక ఆదివారమంత నిలబడ్డ.
గాలొస్తే వదులు, గాలి పోతే బిగువు,
ఒక్క గీతను నిలవనియ్యదు.
టేపు మళ్ల మెడల వేసుకొని ఇంటికొచ్చిన.

మా అక్క బిడ్డ స్రవంతి పాలిటెక్నిక్.
"నీళ్లను కొలవకు చిన్నమ్మా, బరువును కొలువు.
నువ్వెంతుంటే అన్ని నీళ్లు పక్కకు జరగాలె" అన్నది.

తెల్లారి పాలబండి కాడ లెక్క కట్టిన
(మా గల్లీల పాలకు, నీళ్లకు పెద్ద తేడా లేదు).
నేను అరవై రెండు కిలోలు:
నూటిరవై నాలుగు అరలీటరు పాకెట్లు.
పడవ ఇరవై ఎనిమిది: ఇంకో యాభై ఆరు.
ఏడున్నర ట్రేల చోటు
చెరువు నాకు ఖాళీ చేసియ్యాలె.
అంత చోటు ఇప్పటిదాంక
నేనెవర్నీ అడగలే.

అంచు నీళ్లకంటె ఎంత పైకుండాలె?
ఇది మాత్రం స్రవంతిని అడగలే.
జాకెట్టు లోపల రెండించులు విడిచిపెడ్తం కద,
మనిషి రేపు ఒళ్లు చేస్తదని.
అల కూడ ఒళ్లు చేస్తది.
జానెడు విడిచిన.

అట్టతోటి నమూనా చేసి
పోశెట్టికి చూపిచ్చిన.
థర్మకోల్ ముక్కకు గోనెసంచి చుట్టి
దానిమీదనే ముప్పై ఏండ్లు వల వేసిన మనిషి.
అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
ముక్కు మీద బొటనవేలు రాసిండు.
"మంచిగనే ఉన్నదక్కా.
నువ్వు యాడ కూసుంటవు?"

అరవై రెండు కిలోలు రాసుకున్న.
మనిషిని రాయలే.

షట్టర్ సగం దించి
గచ్చు మీద కాళ్లు చాపి కూసున్న.
ఖైసర్‌బీ టేపు పట్టింది.
తుంటి నుంచి మడమ దాంక, మోకాలు ఎత్తు,
తెడ్డు కోసం చెయ్యి ఎంతదూరం పోతదో.
ఆమె ఉర్దూల చెప్పింది, నేను తెలుగుల రాసిన.
నా జాకెట్లు మిగిలిన ముక్కలతోటి
అందాజ కుట్టుకునేదాన్ని;
కొలతల బుక్కుల నా పేరు రాసుడు
గదే మొదలు.

రాణిగంజ్‌ల తెలిసింది, ప్లైవుడ్డుకూ పన్నా ఉంటదని:
ఎనిమిది బై నాలుగు, రెండు షీట్లు.
దారానికి రాగితీగ,
సూదికి కిరాయికి తెచ్చిన డ్రిల్లు.
బెత్తెడుకొక కుట్టు. జిగురు వాసనకు
నెలరోజులు గిరాకీ ముక్కు మూసుకొనే వచ్చింది.
ఒకామె పట్టుజాకెట్టు ఆలస్యమైందని
నా మీద ఇప్పటికీ గుర్రుగ ఉన్నది.

దించిననాడు పోశెట్టి తాడు పట్టుకున్నడు.
ఎక్కిన. కూసున్న.
తేలింది, కుడికి ఒరిగి.
ఇన్నేండ్లు మిషను కిందికి బట్టను తోసి తోసి
నా భుజం కుడికే దిగిందని
ఇంట్ల అద్దం ఎన్నడూ చెప్పలే.
చెరువు నాలుగు నిమిషాలల్ల చెప్పింది.

ఒక కుట్టు కాడ నీళ్లు కారుతున్నయి.
పోశెట్టి తాడు గుంజుతున్నడు.
కట్ట మీదికెళ్లి ఖైసర్‌బీ అరుస్తున్నది,
"మిలీ క్యా కమర్?"

నేను మార్కింగ్ చాక్ తీసిన.
పీటను రెండించులు ఎడమకు జరపాలె.
తడి చెక్క మీద గీత పడలే.
గోరుతోటి గీసిన.