ఇరవై ఒకటోది

చెస్ట్ నంబరు ఆరువందల పద్నాలుగు.
పేరు నూకరత్నం అని చెప్తే
కంప్యూటర్ ముందున్న కుర్రాడు వయసు అడిగాడు.
నలభై మూడు అంటే ఒకసారి తలెత్తి చూశాడు.
"ఎమర్జెన్సీ నంబరు?"
మద్దిలపాలెం డిపో ల్యాండ్‌లైన్ ఇచ్చాను.

కిందటేడు ఇదే బీచ్ రోడ్డులో
ఏడో అడ్డంకి దగ్గర ఎడమ భుజం జారింది.
ఎనిమిదడుగుల చెక్క గోడ, అంతే.
అవతల సముద్రం వినిపిస్తోంది,
నాకు కనబడింది మాత్రం కేజీహెచ్ సీలింగు,
దానికి వేలాడుతూ ఆగిపోయిన ఫ్యాను.
రెండు నెలల జీతం కోత.
టిక్కెట్ మిషన్ కుడిచేత్తో పట్టుకుని
కుడిచేత్తోనే నొక్కడం నేర్చుకున్నాను.
మనిషికి రాని విద్య లేదు,
అవసరం మెడ మీద కూర్చోవాలి గాని.

"మళ్ళీ ఏటే నీకీ కోతిగెంతులు?" అంది ఆడపడుచు.
జవాబు లేదు నా దగ్గర. ఇప్పటికీ లేదు.
పద్దెనిమిదేళ్ళుగా నిండు బస్సులో
ముందు తలుపు నుంచి వెనక తలుపుకి
మోచేతుల మధ్య దూరుతూనే ఉన్నాను,
దానికెవరూ పతకం ఇవ్వలేదని కాబోలు.
కాదేమో కూడా.

తాడు నేర్పింది దానయ్య బాబాయి,
పోర్టులో ముప్పై రెండేళ్ళు కళాసీ.
చెంగలరావుపేటలో వాళ్ళ డాబా దూలానికి
పాత ఓడతాడు కట్టాడు.
"సేతులు కాదే అమ్మా ఎక్కేవి, పాదాలు.
సేతులు ఉత్తినే అట్టుకుంటాయి.
ఎక్కినంతకి కాళ్ళతో తాళం ఏసీ,
మిగతాది ఆనక సూద్దాం."
దిగినప్పుడల్లా నా అరచేతులు తిప్పి చూసి
"పండాయి" అనేవాడు,
గోరింటాకుని చూసినట్టు.

ఆదివారం, తెల్లవారుజాము ఐదుంపావు.
డాల్ఫిన్ కొండ మీద దీపం ఇంకా తిరుగుతోంది.
టైర్లు దాటాను, వల కింద పాకాను.
ఇసక మూట ఎత్తుకుని మెట్లెక్కుతుంటే
పక్కన ఒకమ్మాయి "అబ్బా, ఎంత బరువో" అంది.
"లగేజీకి టిక్కెట్టు తీశారా?" అనేశాను అలవాటుగా.
ఇద్దరం నవ్వడంలో నా మూట జారి
కింది మెట్టు దాకా దొర్లింది.
మళ్ళీ దిగి తెచ్చుకున్నాను.

ఏడోది.
అదే గోడ, రంగు మార్చారు.
మూడుసార్లు ఉరికాను.
మూడుసార్లూ వేళ్ళు అంచుని తాకాయి,
భుజం గోడని గుర్తుపట్టింది,
నాకంటే ముందు అదే చేతులెత్తేసింది.
దాటలేకపోతే ముప్పై బస్కీలు.
లెక్కపెట్టే పిల్లాడు ఇరవై రెండు దగ్గర
"చాలు మేడమ్, వెళ్ళిపోండి" అన్నాడు జాలిగా.
చిల్లర బాకీ ఉంచుకోవడం నాకు తెలీదు.
మిగతా ఎనిమిదీ తీసే కదిలాను.

జలాంతర్గామి మ్యూజియం దగ్గర బూటు నోరు తెరిచింది.
జడ రబ్బరు బ్యాండు తీసి దానికి వేశాను.
ఇక అక్కణ్ణుంచి జుట్టంతా సముద్రపు గాలిదే.
పదిహేనోది తాడు.
పాదాలతో తాళం, జరగడం, మళ్ళీ తాళం.
పైన గంట కొట్టాను.
కింద చూస్తే వినడానికి
ముంతమసాలా బండివాడు ఒక్కడే ఉన్నాడు,
ఉల్లిపాయలు తరుగుతూ.

ముగింపు దగ్గరికొచ్చేసరికి మైకు ఆగిపోయింది.
పతకాల అట్టపెట్టె ఆటో ఎక్కేసింది.
గాలి తోరణానికి గాలి తీసేస్తున్నారు.
నా కళ్ళముందే అది మోకాళ్ళ మీదికి కూలి
ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలంలా
రోడ్డుకి అడ్డంగా పడుకుంది.
పక్కనుంచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ చూడ్డం లేదు.
ఇరవై అని రాశారు కాగితంలో.
ఇది ఇరవై ఒకటోది.

వంగి, గుడ్డ ఎత్తుకుని దూరాను.
లోపల నీలంగా ఉంది, ఉక్కగా ఉంది,
ప్లాస్టిక్ వాసన, నా ఊపిరి చప్పుడు,
ఎటు ముందో తెలీని కొంతసేపు.

అవతల ఎవరో అంచు పైకెత్తారు.
మొదట మడమలు కనబడ్డాయి, పగుళ్ళతో,
తర్వాత గళ్ళ లుంగీ.
"బేగి రావే," అన్నాడు బాబాయి,
"టీ సల్లారిపోతంది."