రెండో తెర

గుంతకల్లులో మూతపడిన నెట్ సెంటర్ నుంచి
పన్నెండు వందలకు బేరమాడి తెచ్చినాను దీన్ని.
పాతది, చదరపుది.
బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూచుంటే
పక్క సీటామె అడిగింది,
"టీవీనా మ్మా, పలుకుతుందా?"
పలికితే చూద్దాం అన్నాను.

ఉరవకొండలో మా గది పదడుగులు.
అందులోనే నేను, కంప్యూటరు, అట్టలు గుద్దే మిషను,
మూలన గ్రాఫు కాగితాల చుట్టలు.
చీర అంచుకు ఒక్కో గడీ పెన్సిలుతో నింపిన రోజులవి,
పారేయడానికి చెయ్యి రాదు.

ఇన్నాళ్ళూ ఒకటే తెర.
అంచు చూస్తే కొంగు కనపడదు.
హంస మెడ దగ్గరికి పోతే తోక మరిచిపోతాను.
దినానికి ఎన్నిసార్లు కిందికి, మీదికి, దగ్గరికి, దూరానికి
నా మణికట్టును అడగండి.

సాయంత్రం ఖలందర్ వచ్చినాడు, పళ్ళ మధ్య స్క్రూ పట్టుకుని.
సీపీయూను గోడ నుంచి ఇవతలికి లాగితే
వెనకాల ఒక దుమ్ము రాజ్యం:
జరీ ముక్క, ఎండిన బల్లిపిల్ల,
పోయినేడు వెతికి వెతికి వదిలేసిన నా చెవి దిద్దు.
"అక్కా, దీని మూతి వేరే, దాని మూతి వేరే.
నేరుగా పొత్తు కుదరదు, మధ్యన ఒక పెద్దమనిషి కావల్ల"
అని సంచిలోంచి వేలెడంత కన్వర్టర్ తీసినాడు.
పెద్దమనిషికి మూడు వందల యాభై.

నల్లటి అద్దంలో ముందు మా కొండ పడింది,
కిటికీలోంచి, పడగెత్తి, కుడి ఎడమలు మారి.
తర్వాత 'సిగ్నల్ లేదు' అనే డబ్బా ఒకటి
గోడకూ గోడకూ తట్టుకుంటా తిరిగింది.
కరెంటు పోయింది.
వచ్చింది.
వెలిగింది.

రెండింట్లోనూ అదే హంస.
"దీనికేనా అప్పా ఇంత కష్టం?"
"ఉండక్కా, ఇప్పుడు సాగదీస్తా."

సాగింది గానీ
బాణం ఎడమకు పోయి అంచున నిలబడింది.
బెత్తెడు దూరంలో ఉండాది పక్క తెర, పోనంటుంది.
కుడికి తోస్తే కుడిలో మునిగి
ఎడమదాని ఆ చివర తేలింది,
తూర్పున బస్సు దిగి
పడమటి నుంచి నడిచొచ్చిన చుట్టం లెక్క.
ఖలందర్ నవ్వి, ఒకటి రెండు అని రాసిన గళ్ళను
పట్టి అటుదిటు మార్చినాడు.

చిన్నది పొట్టిగా ఉందని
చెల్లిపోయిన డిజైను అట్టలు పదహారు కింద పేర్చినాను.
ఎవరి పెండ్లి చీర అట్టలో, ఇప్పుడు దీనికి పీట.
బాణం అటు పోయింది, ఇటు వచ్చింది.
నాడె మాదిరి, అనబోయి ఊరకున్నాను.
నాడె పోతే వెనక దారం మిగులుతుంది.

రాత్రి చౌడప్ప వచ్చి
చేతులు వెనక్కి కట్టుకుని చూసినాడు.
"కొంగేమో వంకాయ, అంచేమో చింతపండు.
ఏది నేయమంటావు పాపా?"
"ఒకటే రంగు మామా, ఒకటే నంబరు."
"నంబరు కట్టుకుంటారా ఎవరన్నా?"

చిన్నదాని గడ్డం కింద నాలుగు బొత్తాలు.
వెలుగు తగ్గించినాను, ఎరుపు పెంచినాను,
హంసకు కామెర్లొచ్చినాయి, తగ్గినాయి,
వంకాయ మాత్రం వంకాయే.
ఆయన అంగీ జేబులోంచి కండె తీసి
ఈ తెరకు ఆనించినాడు, ఆ తెరకు ఆనించినాడు.
"రెండూ అబద్ధాలే. ఇది కొంచెం మర్యాదగా ఆడుతుంది."
ట్యూబులైటు వైపు చూసి దాన్నీ నమ్మలేదు.
"పొద్దున ఎండలో చూద్దాం" అని
కండెను రెండింటి మధ్య నిలబెట్టి పోయినాడు.

నేను పదకొండు దాకా కూచున్నాను.
మెడ అటూ ఇటూ తిప్పడం కొత్త నొప్పి.
ఎడమన అంచు, కుడిన కొంగు,
మధ్య నల్ల చట్రం వెనక ఎక్కడో
హంస సగం రెక్క.

వజ్రకరూరు దిక్కున ఉరిమితే
భయమేసి వైరు పీకినాను.
అవతలి అంచు జారొచ్చి కొంగు మీద పడింది,
ఎవరో చీర మడిచినట్టు.
కండె కదల్లేదు.
దిద్దు మాత్రం తుడిచి పెట్టుకున్నాను,
రెండోది ఎక్కడుందో.